అడ్డమా, నిలువా

ఒకప్పటి బ్రిటిష్ నేవీ స్థావరం సెంబవాంగ్ వెళ్లే రైల్లో, ఫోన్లో నా తెలుగు విని పక్కనున్న పెద్దావిడ పలకరించింది. ఒళ్లో గాజు పాత్ర. అందులో కీమా మీద బంగాళదుంప ముద్ద పరిచి, ఫోర్కుతో గీతలు గీసి, ఓవెన్‌లో ఎర్రగా కాల్చిన 'పై' అనే ఇంగ్లీషు వంటకం ఉంది.

"మా తాత నేర్పింది, తంబీ. నేవీ దొరల బంగళాలో వండేవాడు."

"మా తాతగారి దివాణంలోనూ దొరలకు ఇది వండేవారు," అన్నాను.

"అయితే మీ తాత కూడా కుక్కే లా!" అంది, ఇక్కడి యాసలో చివర 'లా' తగిలించి.

ఒక్క క్షణం కుక్క అన్నదనుకున్నాను. వంటవాడని అర్థమయ్యాక, ఏది పెద్ద అవమానమో తేల్చుకోలేకపోయాను. జమీ పోయినా మాకు పేరు మిగిలింది. సరిదిద్దాలని నోరు తెరిచాను.

"మా తాత గీతలు అడ్డంగా గీసేవాడు. మరి మీ తాత?" అంది, దొరక్క దొరికిన చుట్టాన్ని చూసినట్టు చూస్తూ.

"నిలువుగా," అన్నాను.

ఎందుకన్నానో నాకిప్పటికీ అంతుపట్టదు. మా తాతగారు వంటింటి గడప తొక్కి ఎరగరు.