ల్యాబ్‌లో అతికించిన చీటీ

బెంగుళూరు కంపెనీ వాళ్ల పరీక్షకు నా ప్రోగ్రామ్ పంపగానే నాయనకు ఫోన్ చేశాను. ఆయన ఆదోనిలో పత్తి మిల్లులో హమాలీ. ఆ చప్పుడులో మామూలుగా మాట్లాడితే వినపడదు. అరిచి చెప్పాను.

"నాయనా, నడిచింది! ఒక్క ఎర్ర అక్షరం రాలే! ఉద్యోగం వచ్చినట్టే!"

"వచ్చినట్టేనా, వచ్చిందా?"

"వచ్చిందే అనుకో!"

వెనకనుంచి ఎవరో అందుకున్నారు. "ఏమప్పా, ఇంగ నీకు పత్తి బేళ్లు మోసేదేంటికి? బెంగుళూరులో కాలు మీద కాలేసుకోని కాఫీ తాగు!"

"కాఫీ యాడ తాగుతాడన్నా, ఇంత బెల్లం టీ లేకుంటే లేసి నిలబడడు!" అన్నారు ఇంకొకరు.

నాయన నవ్వడం విన్నాను. దగ్గు లేకుండా నవ్వాడు.

మా ఊరు ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డు మీద ఉంది. ఇంట్లో డిగ్రీ దాటిన మొదటిదాన్ని నేనే. మంచి మాట ఏదైనా కడుపులో నిలవదు నాకు. ఆ సాయంత్రం నాయన మిరపకాయ బజ్జీల పొట్లంతో వచ్చాడు. ఆయన దగ్గరా ఒక వార్త ఉంది.

"మేస్త్రీకి సెప్పేసినా. ఈ సీజనుకు నా పేరు రాసుకోవద్దన్నా."

దసరాకు ముందే మేస్త్రీ హమాలీల జట్టు పేర్లు రాసుకుంటాడు. రాయించుకోనివాడికి పత్తి వచ్చినన్నాళ్లూ పని ఉండదు. దూది దుమ్ముకు నాయనకు రెండేళ్లుగా దగ్గు. మిల్లు మానెయ్యమని డాక్టరు ఎప్పుడో చెప్పాడు.

అమ్మ చేతిలో బజ్జీ అట్లాగే ఉండిపోయింది. "కాయితం చేతికి రానీ. అంత తొందరేంటికి?"

"పాప సెప్పింది గదా," అన్నాడు నాయన.

ఆ పరీక్ష ఏమిటంటే, ఒక కొట్లోని సరుకుల లెక్క చూపే చిన్న జావా ప్రోగ్రామ్ రాయాలి. మొత్తం ఒకే ముద్దగా కాకుండా మూడు మాడ్యూళ్లుగా విడదీయాలి. ప్రతి మాడ్యూల్‌కూ ఒక చిన్న ఫైలు ఉంటుంది. 'నా లోపలికి ఎవరు రావచ్చు, ఏది తాకవచ్చు' అన్నది ఆ మాడ్యూల్ తరఫున అందులో రాయాలి. రాయకపోతే జావా రానివ్వదు. నా రెండో మాడ్యూల్ మొదటిదాని లోపల సరుకుల వివరాలు నింపబోయి ప్రతిసారీ ఆగిపోయేది. తెర నిండా ఎర్ర అక్షరాలు.

అప్పుడు ఎమ్మిగనూరులో మా కాలేజీ ల్యాబ్ గుర్తొచ్చింది. అక్కడ గోడకు ఒక చీటీ అతికించి ఉండేది. 'ఎర్రగా వస్తే ఈ లైను పెట్టండి. పేర్లు మార్చుకోండి.' మేము ప్రోగ్రాములు రాసే ఐడీఈలో, నడిపే ముందు అదనపు ఆదేశాలు ఇవ్వడానికి ఒక గడి ఉంటుంది. చీటీలోని లైను ఆ గడిలో పెడితే ఎర్ర అక్షరాలు మాయం. మా బ్యాచ్ అంతా మూడేళ్లు అదే చేశాం. ఎందుకు పోతున్నాయని ఒక్కరమూ అడగలేదు. మార్కులు వచ్చేవి. ఆ లైను నా నోట్సు మొదటి పేజీలోనే ఉంది. చూసి, పెట్టాను. నడిచింది. ఫైళ్లన్నీ కట్టగట్టి పంపాను.

నాలుగో రోజు కంపెనీ నుంచి ఒకాయన ఫోన్ చేశాడు.

"మీ ప్రోగ్రామ్ మా దగ్గర మొదలై వెంటనే ఆగిపోయిందమ్మా."

"మా ఇంట్లో నడిచింది సార్! నేను చూశాను!"

"మీ ఇంట్లో నడిస్తే మాకేం లాభం? చెప్పండి."

"ఇంకొక్కసారి పంపుతాను సార్."

"అందరికీ ఒక్కసారే. ఏమనుకోవద్దు."

ఆ మాట అమ్మకు చెప్పాను. నాయనకు అమ్మ చెప్పింది.  పొద్దున్నే మేస్త్రీ దగ్గరికి పోయొస్తానన్నాడు ఆయన.

పొద్దున ఆయన బయలుదేరేలోపు నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ఐడీఈ బయట నడిపి చూశాను. అవే ఎర్ర అక్షరాలు. మళ్లీ లోపలికి వచ్చి, గడిలోని లైను తీసేసి, ప్రోగ్రామ్ ఆగే చోటికి కాస్త ముందు, నడకను నిలిపే బ్రేక్‌పాయింట్ పెట్టి, ఒక్కొక్క అడుగు నడిపించాను. ఆరో అడుగులో, రెండో మాడ్యూల్ మొదటిదాని లోపలికి పోబోయి అనుమతి లేక ఆగడం కనిపించింది; చీటీలోని లైను ఇచ్చింది ఆ అనుమతే. ఆ గడిలో పెట్టింది నా ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోతుంది, పంపిన ఫైళ్లతో పోదు. నేను పంపింది అనుమతి లేని ప్రోగ్రామ్. మొదటి మాడ్యూల్ ఫైలులో, రెండోదాన్ని లోపలికి రానివ్వమని ఒక్క లైను రాశాను. బయట నడిపాను. సరుకుల పట్టిక వరసగా పడింది.

ఎగిరి వాకిట్లోకి పరుగెత్తాను. "నాయనా, దొరికింది!"

ఆయన ముఖం వెలిగింది. "ఉద్యోగమా?"

"కాదు నాయనా. తప్పు."

తువ్వాలు భుజాన వేసుకుంటూ ఆగాడు. "అయితే పంపు మళ్ల."

"తీసుకోరు."

ఆటో వచ్చే దాకా రోడ్డు మీద ఆయనకు అంతా చెప్పాను. చీటీ, గడి, ఆరో అడుగు. ఆపుకోలేకపోయాను. అంత బాధలోనూ నా గొంతులో సంతోషం పలుకుతోంది, నాకే వినిపిస్తోంది. సిగ్గేసింది. అయినా చెప్పాను.

"ఒక్క లైనేనా?" అన్నాడు.

"ఒక్కటే."

ఆటో ఎక్కాడు. నేనూ ఎక్కాను.

మిల్లు గేటు దగ్గర మేస్త్రీ పుస్తకం తెరిచి చూపించాడు. "జట్టు నిండిపాయె. నువ్వే గదప్పా వద్దంటివి. నీ జాగాలో ఆలూరు పక్క పిల్లోడు వచ్చినాడు. ఎవరన్నా రాకుంటే పిలుస్తా, ఈడనే ఉండు."

"దగ్గు తగ్గిందిలే ఇప్పుడు," అన్నాడు నాయన. అట్లా అంటూనే దగ్గాడు.

అప్పటినుంచి రోజూ పొద్దున పోయి గేటు పక్కన నిలబడుతున్నాడు. వారంలో ఒకటి రెండు రోజులు పిలుస్తారు. కంపెనీకి సరిచేసిన ప్రోగ్రామ్ ఊరికే పంపాను. జవాబు రాలేదు. ఇంకో నాలుగు చోట్లకు దరఖాస్తు పెట్టాను. అక్కడినుంచీ రాలేదు.

నిన్న సాయంత్రం పని దొరకక తిరిగొచ్చి, కాళ్లు కడుక్కుంటూ నాయన అడిగాడు.

"అది నడుస్తాందామ్మా?"

"నడుస్తాంది నాయనా."

"యాడైనా నడుస్తాదా?"

"యాడైనా."

సరేనని తలూపి, చెంబు బోర్లించి లోపలికి పోయాడు.