చింపిన పేజీ

న్యాల్‌కల్ దగ్గర, కోసేసిన జొన్నచేలో, కంటిమీద తెల్లగీత ఉన్న గోధుమరంగు పిట్ట పరుగెత్తింది. నలభై ఏళ్ల నా జాబితాలో లేని పిట్ట! బైనాక్యులర్ దించి, డైరీలో దాని గుర్తులు రాసుకుంటున్నాను.

ఆ చేను గల ముసలమ్మ వచ్చి నా ముందు నిలబడింది.

“ఏం రాస్తున్నవ్ సారూ? నా చెల్కనా?”

“పిట్టల గురించమ్మా.”

“మా అక్క చెల్కల గూడ సర్కారోళ్లొచ్చి చెట్లే రాస్తున్నమన్నరు. ఆ ఎన్క భూమంత గుంజుకున్నరు. ఆ కాయితం ఇటియ్యి.”

అదే పేజీలో పిట్ట బొమ్మ గీసి చూపించాను.

“మంచిగ గీసినవ్. ఇయ్యి.”

డైరీలో పేజీ చింపడం నాకదే మొదటిసారి. ఆమె దాన్ని మడిచి బొడ్లో దోపుకుంది. నేను గట్టు దాటేదాకా కదల్లేదు.

గుర్తున్నంత మళ్లీ రాసుకోవచ్చు. కానీ కనిపించిన చోటు రాయనిదే పిట్ట జాబితాలో చేరదు. ఆ చేను పేరెత్తకుండా పిట్టను ఎలా రాయాలో తెలియలేదు.