చావాల్సిన శెనక్కాయ మొక్కలు

కరోనా తగ్గిన మరుసటి ఏడు. అనంతపురం పక్కన ఒక పరిశోధన కేంద్రంలో గ్రీన్‌హౌస్ నా చేతిలో ఉండేది. గ్రీన్‌హౌస్ అంటే మొక్కల కోసం కట్టిన గాజు ఇల్లు. రాసుకుంటున్నావా రమ్యా? నేను దగ్గితే అది రాయొద్దు.

సునీత అని పీహెచ్‌డీ పిల్ల, నల్లమాడ వైపు రైతు బిడ్డ. తను పట్టుకున్నది ఒక జీన్‌ని. బాధ తట్టుకోలేనప్పుడు కణం తనంతట తానే చచ్చిపోతుంది. దాన్ని ప్రోగ్రామ్డ్ సెల్ డెత్ అంటారు. "ఉండు, ఇప్పుడే చావొద్దు" అని ఆపేది ఈ జీన్. మనిషిలో, రొట్టె పులియబెట్టే ఈస్టులో, మొక్కలో దాదాపు ఒకేలా ఉంటుంది. అలా మారకుండా నిలిచినదాన్ని కన్సర్వ్‌డ్ అంటారు. శెనక్కాయ మొక్కల్లో అది ఇంకాస్త గట్టిగా పనిచేసేలా చేసింది సునీత.

ఒక వరస ఆ మొక్కలు, పక్క వరస మామూలువి. రెండింటికీ నీళ్లు బంద్. మామూలువి ఎండిపోవాలి, జీన్ ఉన్నవి నిలబడాలి. అప్పుడే థీసిస్.

కానీ మామూలువి చావలేదు. సాయంత్రం తలవాల్చేవి, పొద్దునకు లేచి కూర్చునేవి.

"అవ్వా, నా జీన్ దండగ. సోమవారం గైడ్ సార్ వస్తాడు. ఇన్నేళ్ల సదువు మట్టిలో కలిసిపోయె" అని నా దగ్గర ఏడ్చింది. కళ్లు తుడుచుకుని ఆ సాయంత్రం ఒకసారి, పొద్దున ఒకసారి కుండీలు తూచింది. మామూలు వరస రాత్రికి రాత్రి బరువెక్కింది. కుండీ ఊరికే బరువెక్కదు కదా!

మర్నాడు తెల్లవారుజామున ఇద్దరం ఖాళీ కుండీల దొంతర వెనక నక్కాం. నా మోకాళ్లు పటపటమన్నాయి. ముందు వాచ్‌మన్ ఓబులేసు తలుపు తీసి, తన సీసాలో మిగిలిన నీళ్లు పోశాడు. వెనకాలే చెంబుతో ఇంకొకాయన. చూస్తే సునీత నాయన! ఆ ఏడు వానల్లేక సేద్యం ఆగిపోయి, కూతురి దగ్గర ఉంటున్నాడు.

"ఏమప్పా ఓబులేసూ, ఆ కొస నాది కదా?"

"నువ్వు లేట్ చేస్తివి అన్నా. పాపం, వాడి సొక్కిపోయినాయి."

సునీత చప్పున లేచింది. "నాయనా!"

చెంబు జారి ఆయన కాలి మీద పడింది. అయినా తగ్గలేదు. "ఏందమ్మా, చెట్లు సచ్చిపోతాండాయి, నువ్వేమో కుండీలు తూచుకుంటాండావు!"

"అవి సావల్ల నాయనా! అవి సస్తేనే నేను పాసయ్యేది!"

"సంపేదానికా నిన్ను సదివించింది?"

నేను కుండీల చాటునే నోరు మూసుకుని నవ్వాను. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. పక్క వరస చూపించి అడిగింది: "మరి వీటికెందుకు పోయలేదు?"

"వాటికేం రోగం? పచ్చగా ఉండాయి కదా. దప్పికైనవాటికే పోస్తాండాం."

సునీత మొహం చూడాలి నువ్వు! చుక్క నీళ్లు లేకుండా పచ్చగా ఉన్నాయంటే జీన్ పనిచేసినట్టే కదా! నాయనను పట్టుకుని గిరగిరా తిప్పేసింది.

గైడ్ సార్ కూడా పడీపడీ నవ్వాడు కానీ, నీళ్లు తాగిన లెక్క లెక్క కాదు, మళ్లీ మొదలుపెట్టమన్నాడు. కొత్త మొక్కలు, కొత్త తాళం. నాయన తనంతట తానే మూట కట్టుకున్నాడు. "నేనీడ ఉంటే నా చెయ్యి ఊరుకోదు" అని బస్సెక్కాడు. ఓబులేసును గేటుకు మార్పించుకున్నాం.

రోజూ నాయన ఫోను. "సచ్చినాయా?" అని ఒకటే ప్రశ్న.

ఒకరోజు సునీత "సచ్చినాయి నాయనా" అంది.

"ఇంగో వరస?"

"బాగుండాయి."

"అట్లయితే వాటి కాయలు రెండు గుప్పెళ్లు పంపు. మన చేన్లో ఏస్తా."

"ఇవ్వకూడదు నాయనా. ఇంకా పర్మిషన్ లేదు. రూల్సు."

"సంపేదానికి లేని రూలు, ఇచ్చేదానికి వచ్చిందా?"

నేను నేర్చుకున్నది ఇదే, రాసుకో. మన సీమలో ఈ పరిశోధన చేయాలంటే, గ్రీన్‌హౌస్‌కు తాళం వేస్తే చాలదు. వాడిపోయిన మొక్క మన కంట పడనే కూడదు. ఆ కొత్త తాళంచెవి నేను కూడా నా దగ్గర పెట్టుకోలేదు.