జీపు తాగిన ఆముదం

ఒక మంచి జీపును, ఒక మంచి డ్రైవరును, ఒక ఆడపిల్ల ఉద్యోగాన్ని ఒకే గరాటుతో ఎలా ముంచవచ్చో నేర్చుకోవాలనుకునేవారు ఈ నాలుగు మాటలూ చదవండి. నేను చదివింది మూడో తరగతి వరకే. అయినా ఈ ఒక్క విద్యలో నన్ను మించినవాళ్లు జమ్మలమడుగులో లేరు.

ఇది ఏడెనిమిదేళ్ల కిందటి మాట. అప్పటికి నేను చిన్నదాన్ని, అరవై దాటి ఇంకా రెండేళ్లు కూడా కాలేదు. ఆ వయసులో మనిషికి తనకు తెలియనిది లేదనిపిస్తుంది. మా ఆయన పోతూ పోతూ నాకు ఒక జీపును, దానితోపాటు ఖాదర్ అనే డ్రైవరును వదిలిపోయాడు. ఇద్దరూ ముసలివాళ్లే. గేరు మార్చినప్పుడల్లా జీపు మూలిగేది, జీపు మూలిగినప్పుడల్లా ఖాదర్ మూలిగేవాడు.

"పెద్దమ్మా, గేరుపెట్టెలో నూనె సచ్చిపోయింది. మార్చకపోతే బండి సచ్చిపోతాది" అన్నాడొకరోజు.

సరేనని ప్రొద్దుటూరులో మస్తాన్ అనే మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాం. అతను జీపు కింద దూరి, బయటికి వచ్చి, చీటీ మీద ఏవో అంకెలూ అక్షరాలూ రాసిచ్చాడు.

"ఇదే పోయాలమ్మా. పాతకాలం గేరుపెట్టె, లోపల ఇత్తడి రింగులుంటాయి. వేరే రకం పోస్తే రింగులు తినేస్తాది. మరీ చిక్కనిది పోస్తే గేరే పడదు. లీటరున్నర చాలు."

ఇత్తడి గురించి నాకు చెబుతున్నాడు! నలభై ఏళ్లుగా చింతపండుతో ఇత్తడి బిందెలు తోముతున్న నాకు!

దుకాణంలో ఆ డబ్బా ధర విని చీటీని మడిచి కొంగున కట్టేశాను. నా పుట్టిల్లు లింగాల దగ్గర పల్లె. మా నాయన ఎద్దులబండి ఇరుసుకు ఏం పోసేవాడు? ఆముదం. ఆ బండి మూలిగిందా? లేదు. మరి మా ఇంట్లో, నా చేత్తో విత్తులు వేయించి, దంచి, వండి తీసిన ఆముదం జాడీ నిండా ఉండగా ఎవరో డబ్బాలో పోసిన నూనెను నేనెందుకు కొనాలి? ఇరుసైనా గేరైనా తిరిగేదే కదా! అప్పట్లో నాకు ఇంతకంటే గట్టి శాస్త్రం కనిపించలేదు.

శుక్రవారం ఖాదర్ పాత నూనె కార్చేసి, గేరు కడ్డీ ఊడదీసి, "నమాజుకు పోయొస్తా పెద్దమ్మా, నూనె తెప్పించి పెట్టు" అని వెళ్లాడు. అతను వీధి మలుపు తిరిగాడో లేదో నేను గరాటు పట్టుకున్నాను. లీటరున్నర చాలన్నాడు మెకానిక్. పరాయి సొమ్మయితే సరే, ఇంటి నూనెకు పిసినారితనం ఎందుకు? పైదాకా పోశాను. పేగులు శుభ్రం చేసే మందు పళ్లచక్రాలను చేయదా అని పైన ఇంకో గరిటె కూడా పోశాను.

ఖాదర్ వచ్చి ముక్కెగరేశాడు. "ఏందో వాసనొస్తాంది పెద్దమ్మా."

"కొత్త నూనెకు కొత్త వాసనుండదా? కడ్డీ బిగించుపో."

బిగించాడు. నా మాటకు ఎదురు చెప్పే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు, అదే నా ఖర్మ.

ఆ ఆదివారమే నా మనవరాలు సువర్ణకు పులివెందులలో సర్కారు ఉద్యోగానికి పరీక్ష. రెండేళ్లు రాత్రీపగలూ చదివింది. ఒక్క నిమిషం ఆలస్యమైనా గేటు మూసేస్తారట.

"జేజీ, నేను బస్సుకు పోతా."

"ఇంట్లో జీపు పెట్టుకొని బస్సుకు పోతావా? నలుగురూ నవ్వరా? కూచ్చో."

మార్గశిరం చలి. తెల్లవారకముందే బయలుదేరాం. బయలుదేరాం అంటున్నాను గాని, ఖాదర్ మొదటి గేరు వేయడానికే రెండు చేతులూ వాడాడు. సంగటి కుండలో నీళ్లు చాలనప్పుడు తెడ్డు కదలదు చూడండి, అలా ఉంది ఆ కడ్డీ.

"నూనె గడ్డకట్టినట్టుంది పెద్దమ్మా."

"రాత్రి ఏం తిన్నావప్పా? రెట్టలో బలం లేదు నీకు."

పాపం, అప్పటినుంచి ఒక్కొక్క గేరుకూ తన బలం నిరూపించుకుంటూ పోయాడు. ముద్దనూరు దాటేసరికి బండి వేడెక్కి గేర్లు వెన్నలా పడసాగాయి. "చూసినావా నా నూనె!" అని నోరు జారబోయి ఆపుకున్నాను. అంతలో ఒక మిట్ట వచ్చింది. ఖాదర్ తొక్కుతున్నాడు, ఇంజను అరుస్తోంది, జీపు మాత్రం కూర్చున్న ఎనుములా కదలదు. లోపలంతా పొగ.

సువర్ణ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "జేజీ, బాలింత గది వాసనొస్తాంది!"

ఖాదర్ దిగి, కిందకు వంగి చూశాడు. ధారగా కారుతోంది. వేలితో అద్ది వాసన చూశాడు. మళ్లీ చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"పెద్దమ్మా, నిజం సెప్పు. ఏం పోసినావు?"

"మంచిదే పోసినాలే. ఇంటిది."

"ఆముదమా?"

"కల్తీ లేనిది!"

ఖాదర్ రోడ్డు మీదే గొంతుక్కూర్చున్నాడు. "అంతా పొంగి క్లచ్చు మీద పడింది. ఇంగ ఒక్క అడుగు గూడా కదలదు. పెద్దమ్మా, ఆముదం తాగినోడు యాడికి పోతాడు? రోడ్డు పక్కకే గదా! నీ జీపూ ఆడికే వచ్చింది."

నవ్వాలో ఏడవాలో తెలియక సువర్ణను చూశాను. ఆ పిల్ల మాత్రం ఏడుస్తోంది. హాల్ టికెట్టు గుండెకు అదుముకొని, "గేటు మూసేస్తారు జేజీ" అని తప్ప ఇంకో మాట లేదు.

దూరంగా పులివెందుల బస్సు కనిపించింది. నేను వద్దన్న బస్సే. కిటకిటలాడుతోంది, ఆగేటట్టు లేదు. నేను రోడ్డు నడుమకు పోయి రెండు చేతులూ చాచి నిలబడ్డాను. బ్రేకులు కీచుమన్నాయి. కండక్టరు తల బయటపెట్టాడు.

"అవ్వా, సావాలనుందా నీకు?"

"నేను సచ్చినా పర్వాలేదప్పా, ఈ పిల్ల బతకాల! పరీచ్చ ఉంది, ఎక్కించుకో!"

లోపలివాళ్లు చేతులిచ్చి లాగారు. సువర్ణ మెట్టు మీద వేలాడుతూ పోయింది. గేటు సగం మూసినప్పుడు సందులోంచి దూరిందని సాయంత్రం తెలిసింది. అంతవరకూ నేను రోడ్డు పక్కన రాయి మీద కూర్చొని తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను. ఖాదర్ అటువైపు తిరిగి తాను మొక్కే దేవుడికి తాను మొక్కాడు. ఇద్దరి మధ్యా జీపు తాపీగా కారుతూనే ఉంది.

ట్రాక్టరుకు కట్టి ప్రొద్దుటూరుకు లాక్కుపోతే, మస్తాన్ గేరుపెట్టె విప్పి చూసి నా వైపు తిరిగాడు.

"అమ్మా, ఎద్దులబండి ఇరుసు ఎద్దు నడిచినంత నిదానంగా తిరుగుతాది. ఇది ఎంత జోరుగా తిరుగుతాదో తెలుసునా? సందుల్లోకి పోయే నూనె గావాల దీనికి. నేను రాసిచ్చిన చీటీ ఏమైంది?"

కొంగు ముడి విప్పి చూపించాను. భద్రంగానే ఉంది మరి! క్లచ్చు ప్లేటు కొత్తది వేయించాల్సి వచ్చింది. ఆ ఖర్చులో డబ్బాలు ఎన్ని వచ్చేవో లెక్కవేయకండి, నేనూ వేయలేదు.

సువర్ణకు ఉద్యోగం వచ్చింది. తొలి జీతం అందిన రోజు ప్రొద్దుటూరు బజారుకు పోతున్నానంది. జేజికి పట్టుచీర తెస్తుందని వీధంతా అనుకుంది, నేనైతే రంగు కూడా అనుకున్నాను. సాయంత్రం చీరల అంగడి సంచిలో బరువైనదేదో తెచ్చి ఇరుగుపొరుగు ముందే నా ఒళ్లో పెట్టింది. విప్పితే, గేరు ఆయిలు డబ్బా! మూతకు దారంతో మస్తాన్ చీటీ కట్టి ఉంది.

"సగం మూసిన గేటు గుర్తుండాల గదా జేజీ" అంది.

ఖాదర్ ఆ రోజు నవ్విన నవ్వు మా ఆయన బతికుండగా కూడా నవ్వలేదు.

అందుకని అగ్నిసాక్షిగా, గరాటు సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. మనుషుల కడుపులోకి తప్ప ఇంక దేనిలోకీ ఆముదం పోయను. మనుషులను కూడా ఒట్టులో చేర్చమని సువర్ణ పిల్లలు నా కాళ్లు పట్టుకున్నారు. అంత మారాల్సిన అవసరం నాకు కనిపించలేదు.