రెండు తీగల మీద ఐదు తెల్ల చొక్కాలు

నా చిన్నప్పుడు మా బెల్లంపల్లిలో తెల్ల బట్ట కట్టుకోవాలంటే ధైర్యం ఉండాలి. మేము ఉండేది గని కార్మికుల క్వార్టర్లలో. ఎదురుగా బొగ్గు యార్డు. వ్యాగన్లు నింపేటప్పుడు లేచే దుమ్మంతా మా ఇళ్ల వరసకే చుట్టంలా వచ్చేది. మధ్యలో ఏ పుణ్యాత్ములు నాటారో, కానుగ చెట్లు వరసగా నిలబడి ఉండేవి. అవి మా ఇంటి ముందు మొదలై, సగం ఇళ్ల దాకా వచ్చి ఆగిపోయేవి. మిగతా సగానికి ఏ అడ్డమూ లేదు.

మా బాపు బాయిలో, అంటే గనిలో పనిచేసేవాడు. పైకి వచ్చాక ఆయన ప్రాణమంతా బాల్ బ్యాడ్మింటన్ మీదే. కాలనీ జట్టుకు ఆయనే కెప్టెన్. ఎవరి చొక్కా వాళ్లింట్లో ఉతికితే ఒకటి పసుప్పచ్చగా, ఒకటి నీలిమందు తొట్టిలో పడ్డట్టు కనిపిస్తుందని, ఐదుగురి తెల్ల చొక్కాలూ మా ఇంట్లోనే ఉతకాలని ఆయన పట్టు. ఆ చాకిరీ మా అవ్వది. మేము అమ్మను అవ్వ అనే పిలిచేవాళ్లం.

ఒక ఎండాకాలం జట్టుకు సొంత కోర్టు కావాలన్న కోరిక పుట్టింది. చదునైన జాగా కానుగలు ఉన్న చోటే ఉంది. క్వార్టర్ల వెనకాల ఖాళీ ఉన్నా అంతా తుమ్మ పొదలు, రాళ్లు. చెట్లు కొట్టేయడమే సులువని అందరూ తేల్చేశారు. ఆదివారం ఫైనల్ ఆట, సోమవారం గొడ్డళ్లు.

మా అవ్వ ఒక్కతే వద్దంది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నవ్వారు. ఆమె బాధ వేరు. మా తమ్ముడికి పసితనం నుంచీ ఆయాసం. ఇంట్లో బొగ్గుల పొయ్యి పొగకు వాడి ఛాతీలో పిల్లికూతలు వినిపించేవి. వాకిట్లో కానుగ నీడన నులకమంచం వేస్తే మాత్రం కూతలు తగ్గి, కంటినిండా నిద్రపోయేవాడు. ఆ నీడ పోయి యార్డు దుమ్ము నేరుగా మీద పడితే వాణ్ని ఎక్కడ పడుకోబెట్టాలన్నదే ఆమె దిగులు.

"బాయిలకెళ్లి వచ్చినోనికి గీ దుమ్ము ఓ లెక్కనా? ఊకో!" అని బాపు కొట్టిపారేశాడు. షిఫ్టు దిగాక బాయి దగ్గరే స్నానం చేసి రావడం వాళ్ల అలవాటు. నలుపంతా అక్కడే వదిలేసి వచ్చామనీ, ఇంటి దగ్గర గాలి కడిగినట్టు ఉంటుందనీ ఆ మగవాళ్లందరి నమ్మకం. భూమి లోపలి దుమ్ముతో పోట్లాడే మనుషులకు ముంగిట్లో దుమ్ము కంటికి ఆనేది కాదు.

అవ్వ వాదించలేదు. శనివారం పొద్దున్నే ఐదు చొక్కాలూ ఒకే సబ్బుతో, ఒకే తొట్టిలో ఉతికింది. మూడింటిని మా వాకిట్లో చెట్ల వెనక తీగ మీద ఆరేసింది. రెండింటిని నాతో మోయించుకుని, చెట్లు లేని వైపు చివరింటివాళ్ల వాకిట్లో ఆరేసింది. ఎందుకని అడిగితే, "జర ఓపిక పట్టు బిడ్డా" అంది.

సాయంత్రం జట్టంతా చొక్కాల కోసం మా ఇంటికి వచ్చింది. అవ్వ ఐదింటినీ మంచం మీద పరిచింది. మూడు తెల్లగా మెరుస్తున్నాయి. రెండు బూడిద తుడిచిన గుడ్డల్లా ఉన్నాయి.

"గా మూడు చెట్ల ఎనక ఆరేసిన, గీ రెండు చెట్లు లేని చివరింటి కాడ. గివి ఎన్నడన్న బాయిల దిగినయా? మరి గింత నల్లగ ఎట్లయినయ్? గదే గాలి మన పోరలు పీలుస్తున్నరు" అంది అవ్వ.

బాపు వాకిట్లో నిద్రపోతున్న తమ్ముడి వైపు చూశాడు. మళ్లీ ఉతుకుతానని అవ్వ చేయి చాపితే ఇవ్వలేదు. "వద్దు. నేను గిట్లనే ఏసుకుంట. అందరు సూడాలె" అని నల్లబడ్డ చొక్కా తీసి భుజాన వేసుకున్నాడు. రెండోది ఇంకో ఆటగాడు తీసుకున్నాడు.

మర్నాడు నస్పూర్ జట్టుతో ఆట. కెప్టెన్ బొగ్గు బస్తాలు మోసి వచ్చిండని జనం ఒకటే నవ్వు. నవ్వినకొద్దీ బాపు చెలరేగి ఆడాడు. గెలిచాక కప్పు అందుకుని, ఆ చొక్కా పట్టి లాగి అందరికీ చూపించాడు. "చెట్లు లేని దిక్కు మా కాలనీ గాలి గిది. కోర్టు పక్కకు జరుగుతది గాని, చెట్లు జరుగుతయా?" అన్నాడు. ఆడవాళ్ల మధ్య కూర్చున్న మా అవ్వ ముఖం చూడాలి! కప్పు ఆమే గెలిచింది.

సోమవారం గొడ్డళ్లు లేచాయి, తుమ్మ పొదల మీద. కాలనీ కాలనీ కదిలి రాళ్లు ఏరింది. వానలు పడగానే చెట్లు లేని సగంలోనూ ఇంటికో కానుగ మొక్క నాటారు. జట్టు చొక్కాలు జాడించిన నీళ్లు వాటికే పోసేవాళ్లం. తమ్ముడి ఆయాసం మంత్రం వేసినట్టు పోయిందని చెప్పను. కానీ ఆ చెట్ల గాలిలో పెరిగి, పెద్దయ్యాక బాపు ఆడిన జట్టులోనే ఆడాడు.

ఇప్పుడు నేను కరీంనగర్‌లో ఉంటున్నాను. మా వీధి చివర గ్రానైటు లారీలు తిరుగుతాయి. ఆకులు ఊడ్వలేక మా వీధిలో వేపచెట్టు కొట్టిద్దామని ఆ మధ్య పక్కింటివాళ్లు అన్నారు. నేనూ వాదించలేదు. రెండు తెల్ల తువ్వాళ్లు ఉతికి, ఒకటి చెట్టు చాటున, ఒకటి రోడ్డు వైపు ఆరేసి, సాయంత్రం వాళ్లను చాయ్‌కి పిలిచాను. వేపచెట్టు ఉంది. ఈ వయసులోనూ పొద్దు వాలగానే దాని కిందికి వెళ్లి, తీగ మీది బట్టను వేళ్లతో రుద్ది చూస్తాను. అది తెల్లగా ఉందంటే, ఆ రోజు కూడా మా అవ్వ గెలిచినట్టే.