రోజుకో సీసా

భీమవరం నుంచి వచ్చి హైదరాబాదు రాయదుర్గంలో స్థిరపడ్డ కనకలక్ష్మిగారు ప్రతి ఆదివారం కాఫీ గింజలు తూచి, ఇరవై గ్రాముల చొప్పున ఏడు చిన్న సీసాల్లో పోసి, మూతలు బిగించి అలమరలో పెడతారు. రోజుకు ఒక్కటే సీసా; చుట్టాలొచ్చినా రెండోది తీయరు. సకల జనుల సమ్మెకు బస్సులు ఆగిన రోజు, పనిమనిషి కొమురమ్మ బోరబండ నుంచి నడిచి వచ్చింది.

"రేపటిసంది రానమ్మా. ధర్నాల కూసుంట."

కనకలక్ష్మిగారు కాఫీ మర తిప్పడం ఆపారు. "తెలంగాణ వస్తే మీవాళ్ళు మమ్మల్ని వెళ్ళిపొమ్మంటారా?"

"నిన్నెవలు పొమ్మంటరమ్మా? మా రాష్ట్రం మేమడుగుతున్నం, గంతే."

ఆవిడ మర్నాటి సీసా కూడా తీసి మరలో పోశారు. కొమురమ్మ కింద కూర్చుని ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"గింత చేదు ఎట్ల తాగుతవమ్మా? జర శక్కరెయ్యి."

కనకలక్ష్మిగారు పంచదార డబ్బా తెచ్చి, ఆమె పక్కనే నేలమీద కూర్చున్నారు.