వలిసె నూనె పట్టిన క్లచ్

ఆ మోటారు సైకిలు క్లచ్ విడదీసింది నేనని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ముసలివాణ్ణి భయపెట్టి పని చేయించానని మా అన్నయ్య వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. వాళ్ళు నవ్వేవాళ్ళు. నేను తలుపు వెనక పుస్తకం ఒళ్ళో పెట్టుకుని వినేదాన్ని.

అన్నయ్య అరకు దగ్గర కలప డిపోకి మేనేజరు. నాన్న పోయాక నేనూ అతని ఇంట్లోనే ఉన్నాను. అంతకుముందు పనిచేసిన తెల్లదొర ఇంగ్లండుకు వెళ్తూ తన మోటారు సైకిలు పాకలో పెట్టించి, కాపలాకి ఒక కొండ ముసలాయనను ఉంచాడు. పాక పక్కనే అతని గుడిసె. దొర మళ్ళీ రాలేదు. కొన్ని వానకాలాలు గడిచాక కంపెనీవాళ్ళు ఆ బండిని అన్నయ్యకు ఇచ్చేశారు.

ఇంజను ఎలాగో ఆడింది గాని క్లచ్ వదల్లేదు. హ్యాండిల్ మీది పిడి ఎంత నొక్కినా చక్రం ఇంజనును విడవదు. గేరు వెయ్యగానే బండి ఎగిరి దూకి అన్నయ్యను పాక గోడకు కొట్టింది. మూత విప్పి చూస్తే లోపలి రేకులు అట్ల దొంతరలా ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. ఏం పోశావని అడిగితే ముసలాయన దాచలేదు. ఆ కొండల్లో గొడ్డలికి తుప్పు పట్టకుండా వలిసె నూనె రాస్తారు. దొర బండి కదా అని అతను తన కూరలోకి ఉంచుకున్న నూనె తెచ్చి, వానలు వచ్చినప్పుడల్లా మూత తీసి లోపల పోశాడు.

అన్నయ్య అతణ్ణి కొట్టలేదు. సంతనాడు అతని భుజాలకు మోకు కట్టించి, తాను బండి మీద కూర్చుని మిట్ట మీదికి లాగించాడు. ఇలా లాగితే రేకులు విడతాయని చెప్పాడు గాని, రేకులను కదిపే గేరు వెయ్యనేలేదు. సంతకు వచ్చిన వ్యాపారులు బుట్టలు దించుకుని మరీ చూశారు.

“దీనికి నూనె బాగా తాగించీసావు కదరా, ఇప్పుడు గానుగెద్దువి నువ్వే,” అన్నాడు అన్నయ్య. “వచ్చే సంతకి ఇది నడవకపోతే నీ గుడిసె పీకించీస్తాను.”

ముసలాయన భార్యకు కళ్ళు కనబడవు. ఆ గుడిసెలో పొయ్యి ఎక్కడో, కుండ ఎక్కడో చేతులకు తెలుసు కాబట్టి బతుకుతోంది.

నాకు యంత్రాల సంగతి తెలియదు. వలిసె నూనె సంగతి తెలుసు. వంటింట్లో జాడీ అంచున కారిన నూనె ఎండితే లక్కలా బిగుసుకుంటుంది. గోటికి రాదు. కిరసనాయిలు గుడ్డ కాసేపు కప్పి ఉంచితే ఊడుతుంది. అన్నయ్య అడవికి వెళ్ళిన రోజు, మనుషులను చూస్తేనే మాట రాని నేను, లాంతర్లకు ఉంచిన కిరసనాయిలు డబ్బా పట్టుకుని పాకకు వెళ్ళాను. ముసలాయన మరలు విప్పాడు. రేకుల దొంతరను కిరసనాయిలులో ముంచి ఎండలో పెట్టాం. మధ్యాహ్నం పలచని వెదురు బద్ద దూర్చితే మొదటి రేకు టప్పున విడిపోయింది. రేకుల్లో పొదిగిన బెండు బిళ్ళలు ఊడకుండా ఒక్కొక్కటీ పాత చీర ముక్కతో తుడిచాను.

“మంచి నూనేనమ్మా అది,” అన్నాడతను రేకులు అందిస్తూ. “గొడ్డలికి ఏటీ సెయ్యదు.”

నేను వచ్చినట్టు ఎవరికీ చెప్పవద్దన్నాను. తల ఊపి, రేకులు మళ్ళీ పేర్చి మూత బిగించాడు.

సంతనాడు అన్నయ్య పిడి నొక్కి గేరు వేశాడు. బండి కదలకుండా నిలిచింది. మెల్లగా వదిలితే మెల్లగా కదిలింది. సంత చుట్టూ తిరిగి వచ్చి, ఇకనుంచి బండి అరుగు పక్కనే ఉంటుందన్నాడు. నడిచే బండికి కాపలా ఎందుకన్నాడు. గుడిసె ఉన్నచోట దుంగలు పేర్పించమని మనుషులకు చెప్పాడు. బండి బాగయ్యింది కదా బాబూ అని ముసలాయన నసిగాడు.

“నడవకపోతే పీకిస్తానన్నాను. నడిస్తే ఉంచుతానని ఎప్పుడన్నాన్రా?”

నేను గుమ్మంలోంచి అన్నయ్యా అని పిలిచాను. లోపలికి పొమ్మన్నాడు.

సాయంత్రానికి కప్పు దింపేశారు. అంతకు ముందురోజే వానలు మొదలయ్యాయి. ముసలాయన నెత్తిన కుండ పెట్టుకుని, భార్య చెయ్యి పట్టుకుని మా పెరటి పక్కనుంచి వెళ్ళాడు. నేను తిండికి చోళ్ళ మూట పట్టుకుని వెంటపడ్డాను. అతను మూట వైపు చూడలేదు.

“ఆడు మోకు కట్టిన నాడే, ఎండలుండగా ఎలిపోదుమమ్మా,” అన్నాడు. “నువ్వే ఆశెట్టినావు.”